ఆ రోజు మీ చెయ్యి ఎటు లేచింది?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలొస్తే మన వాడకట్టుకు ఐదారుగురు అభ్యర్థులు వస్తారు. అందరి మెడలో కండువాలే, రంగు ఒక్కటే తేడా. ఒకరు తెలంగాణ మేం తెచ్చినం అంటారు. ఇంకొకరు మేం ఇచ్చినం అంటారు. మూడో ఆయన మా పార్టీ మద్దతు లేకుంటే వచ్చేదా అని గద్దిస్తాడు. సరే, ముగ్గురి మాటా ఒప్పుకుందాం. మేం అడిగేది చాలా చిన్న ప్రశ్న. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మన బిల్లు ఓటుకు వచ్చినప్పుడు ఎవరెవరు ఔనన్నారు, ఎవరెవరు కాదన్నారు? పేరు పేరునా చెప్పండి.

ఎవరూ చెప్పలేరు. మరిచిపోయి కాదు. ఆ జాబితా లేదు. ఎన్నడూ తయారే కాలేదు.

ఆ రోజు యాది చేసుకోండి. మనమంతా టీవీల ముందున్నాం. సభ తలుపులు మూశారు, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. అంతకు ఐదు రోజుల ముందు బిల్లు పెట్టిన నాడే సభలో మిరియాల స్ప్రే కొట్టిన ఘనకార్యం చూసి ఉన్నాం కనుక, లోపల ఏమైతుందోనని గుండెలు చేతుల్లో పట్టుకుని కూచున్నాం. చివరికి ఫోన్లు మోగాయి. హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే బిల్లును, ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ మద్దతుతో, స్పీకర్ మీరా కుమార్ మూజువాణి ఓటుకు పెట్టారు. గెలిచింది. రెండు రోజులకు, 20వ తేదీన, రాజ్యసభలో కూడా అదే మూజువాణి. అంతకు ముందు జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ ఇదే బిల్లును తిప్పి కొట్టింది చూడండి, అదీ మూజువాణి ఓటుతోనే. తిరస్కరించిందీ నోటితోనే, ఆమోదించిందీ నోటితోనే. అరవై ఏండ్ల పంచాయితీ మూడుసార్లు సభకెక్కితే మూడుసార్లూ పేర్లు కాగితం మీదికి ఎక్కలేదు.

ఇక మన సంగతి. ఇక్కడ కూచున్న ఉద్యోగుల్లో చాలామంది 2011లో సకల జనుల సమ్మెలో ఉన్నవాళ్లే. సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 రోజులు. ఏ రోజు రాలేదో, ఎవరు రాలేదో హాజరు పట్టీల్లో ఉంది. విద్యార్థుల పేర్లు పోలీసు స్టేషన్లలో ఉన్నాయి, తండ్రి పేరుతో సహా, సెక్షన్లతో సహా. పాస్‌పోర్టుకు పోతే, నౌకరీకి పోతే ఆ కాగితం అడ్డం పడిందని ఎందరు తిరిగారో మనకు తెలుసు. అంటే రాష్ట్రం అడిగినవాళ్ల పేర్లన్నీ బాజాప్తా రాసి ఉన్నాయి. అడిగిన రాష్ట్రాన్ని ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి నెల నెలా జీతం తీసుకుంటున్న మనుషుల పేర్లు మాత్రం లేవు.

ఇది ఎవరో ఆ ఒక్క రోజు చేసిన మాయ అనుకునేరు. కాదు, దీనికి చట్టంలోనే సందు ఉంది. రాజ్యాంగ సవరణ బిల్లయితే 368వ అధికరణ ప్రకారం సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. అంత లెక్క తేలాలంటే నోటితో కాదు, ఒక్కొక్క ఓటూ లెక్కబెట్టాల్సిందే. కనుక పేర్లు పడతాయి. కొత్త రాష్ట్రం మాత్రం 3వ అధికరణ కింద మామూలు మెజారిటీతో ఏర్పడుతుంది. దాని వల్ల రాజ్యాంగ షెడ్యూలు మారినా అది రాజ్యాంగ సవరణ కింద లెక్కకు రాదని 4వ అధికరణ స్పష్టంగా చెప్పింది. మన మేలుకే ఆ సులువు తొవ్వ ఉంది, లేకుంటే చిన్న రాష్ట్రాలు ఏనాటికీ పుట్టవు. కానీ ఆ సులువులోనే ఓటు పట్టీ కూడా కొట్టుకుపోయింది.

స్పీకర్ తీర్పును ఎవరైనా సభ్యుడు సవాలు చేస్తే డివిజన్ అడగొచ్చు. డివిజన్ అంటే మీట నొక్కి ఓటెయ్యడం. ఔనంటే పచ్చ దీపం, కాదంటే ఎర్ర దీపం, ఎటూ కాదంటే పసుపు. తర్వాత ఆ పేర్లు సభా కార్యకలాపాల్లో అచ్చవుతాయి. అయితే లోక్‌సభ నియమావళిలో 367వ నియమం ఒకటుంది. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యుల్ని లేచి నిలబడమని తలలు లెక్కబెట్టొచ్చు. అప్పుడు ఓటేసిన వాళ్ల పేర్లు నమోదు చెయ్యరు. నియమంలోనే ఆ మాట రాసి ఉంది. తలలు కనబడతాయి గానీ మొఖాలు కనబడవు!

మన పిల్లలు ఇంటికొకరన్నట్టు అమెరికాలో ఉన్నారు కనుక అక్కడి ముచ్చట కూడా ఒకటి చెప్పుకుందాం. అక్కడ సభలో హాజరైన వాళ్లలో ఐదో వంతు మంది అడిగితే చాలు, పేరు పేరునా ఓటు రాయాల్సిందేనని రాజ్యాంగమే చెప్పింది. సభాపతి దయతో పని లేదు. 2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానం సెనేట్‌లో 77-23తో గెలిచింది. ఔనన్న 77 మందిలో హిల్లరీ క్లింటన్ ఒకరు. ఆరేండ్ల తర్వాత, 2008లో, ఆమె డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం ఊరూరా తిరిగితే ఆ ఒక్క ఓటు ఆమె వెంటే తిరిగింది. యుద్ధం వద్దని మొదటే మాట్లాడిన ఒబామా దాన్ని బాగా వాడుకున్నాడు. ఒబామాను కూడా వదల్లేదు లెండి. ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్‌లో ఉన్నప్పుడు సుమారు 130 సార్లు ఔను, కాదు అనకుండా 'హాజరు' అని మాత్రమే ఓటేశాడని తవ్వి తీశారు. అమెరికా చేసిన యుద్ధాలు చూస్తే ఆ ప్రజాస్వామ్యాన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పని మనకు లేదు. కానీ పదేండ్ల కింద నీ చెయ్యి ఎటు లేచిందని అడిగే హక్కు అక్కడి ఓటరుకు ఉంది, అడగడానికి కాగితం ఉంది.

కాగితం లేకపోతే ఏమైతుందో మనకు 2022లో తెలిసొచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ రాజ్యసభలో మాట్లాడుతూ, ఆంధ్రప్రదేశ్‌ను విభజించిన పద్ధతి సిగ్గుచేటన్నారు. మైకులు బంద్ చేశారు, మిరియాల స్ప్రే కొట్టారు, చర్చ లేదు అని చెప్పుకొచ్చారు. తెలంగాణకు తాను వ్యతిరేకిని కాదని కూడా అన్నారు. మర్నాడు మన దగ్గర నల్ల జెండాలు లేచాయి, దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. లేవాల్సిందే. ఆ రోజు లోక్‌సభలో ప్రతిపక్ష నాయకురాలి సీట్లో సుష్మా స్వరాజ్ కూచుని మద్దతిచ్చారు కదా! ఆయన పార్టీ ఔనన్నందుకే కదా బిల్లు గట్టెక్కింది! ఇది మనకు తెలుసు. కానీ ఓటు పట్టీ తీసి ఇదిగో మీ పార్టీ ఎంపీల పేర్లు, వరుసగా చూసుకోండి అని ముందర పెట్టడానికి మన దగ్గర ఏముంది? ఏమీ లేదు. పేపరు కటింగులున్నాయి. ప్రసంగాలున్నాయి. ఓటు లేదు.

ఇక్కడ మేం ఒక మాట ఒప్పుకోవాలి. మీకు నచ్చకపోవచ్చు. ఆ రోజు తలుపులు మూసినందుకు మనం బాధపడలేదు, సంతోషపడ్డాం. ఎట్లన్నా కానీ బిల్లు గెలిస్తే చాలనుకున్నాం. అరవై ఏండ్లు దగాపడ్డ జనం, వందల మంది పిల్లల్ని పోగొట్టుకున్న జనం, ఆ పూట నియమావళి తెరిచి చదువుతారని ఎవరూ అనుకోరు. మేమూ చదవలేదు. బిల్లుకు మద్దతిచ్చే పార్టీల బలం కళ్ల ముందే ఉంది, డివిజన్ పెట్టినా గెలిచేది. గెలిచే పందేన్ని చీకట్లో ఆడి, ఇప్పుడు వెలుతుర్లో సాక్ష్యాలు వెతుక్కుంటున్నాం. మోదీ మాటలో సగం నిజం ఉండటానికి మన మౌనం కూడా కొంత కారణం.

ఆ మౌనానికి ఇంకో ధర కట్టాం. 2020 సెప్టెంబర్ 20న వ్యవసాయ బిల్లులు రాజ్యసభకు వచ్చాయి. ప్రతిపక్షం డివిజన్ అడిగింది. డిప్యూటీ చైర్మన్ హరివంశ్ ఇవ్వలేదు. సభ్యులు తమ సీట్లలో లేరని ఆయన వాదన, సీట్లలో ఉండే అడిగామని వాళ్ల వాదన. మూజువాణితో బిల్లులు గెలిచాయి, మర్నాడు ఎనిమిది మంది ఎంపీల మీద సస్పెన్షన్ వేటు పడింది. టీఆర్‌ఎస్ ఆ బిల్లుల్ని వ్యతిరేకించింది, వైఎస్సార్ కాంగ్రెస్ సమర్థించింది. అయితే ఏ సభ్యుడు ఎటు అన్నాడో రాజ్యసభ రికార్డులో వెతికితే దొరకదు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాది పైగా కూచున్నాక 2021 నవంబర్ 29న చట్టాలు వాపసు తీసుకున్నారు. చర్చ లేదు, మళ్లీ మూజువాణే. అంటే పెట్టిన రోజూ పేర్లు లేవు, తీసిన రోజూ పేర్లు లేవు. ఇది అన్యాయమని అరిచినప్పుడు, మీ రాష్ట్రం ఎట్ల వచ్చిందని ఎదురడిగితే మన నోట మాట రాలేదు.

మరి పేర్లు పడ్డ రోజులు లేవా అంటే, ఉన్నాయి. అవి చూస్తే ఇంకో రకం ముచ్చట్లు బయటపడతాయి.

2019 ఆగస్టు 5న జమ్మూ కశ్మీర్ పునర్వ్యవస్థీకరణ బిల్లు రాజ్యసభలో డివిజన్‌కు వెళ్లింది. 125 అనుకూలం, 61 వ్యతిరేకం. మన బిల్లు లాగే అది కూడా 3వ అధికరణ కిందిదే, మామూలు మెజారిటీ చాలు, అయినా పేర్లు పడ్డాయి. కనుక తలుచుకుంటే కుదురుతుంది! టీఆర్‌ఎస్, వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం మూడూ బిల్లు వైపే నిలబడ్డాయి. అసెంబ్లీ వద్దన్నా రాష్ట్రం ఇచ్చే అధికారం పార్లమెంటుకు ఉందని కొట్లాడినవాళ్లం మనం, కనుక ఆ అధికారాన్ని మేం కాదనం. కానీ మన దగ్గర అసెంబ్లీని అడిగారు, అది వద్దంది, ఆ తర్వాత పార్లమెంటు నిర్ణయించింది. అక్కడ అడగడానికి అసెంబ్లీయే లేదు, అంతకు ముందటి నవంబర్‌లోనే రద్దయింది. ఉన్న రాష్ట్రాన్ని తీసేసి రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేశారు. రాష్ట్రం కోసం పుట్టిన పార్టీ, ఇంకో జనం రాష్ట్రహోదా పోతుంటే ఔనన్నది. ఇది సబబా కాదా అని ఈ హాల్లోనే రెండు అభిప్రాయాలుంటాయి, ఉండనీయండి. కనీసం ఇక్కడ వాదులాడుకోవడానికి ఒక పట్టీ ఉంది.

అంతకు ఆరు రోజుల ముందు, 2019 జూలై 30న, తలాక్ బిల్లు అదే సభలో 99-84తో గట్టెక్కింది. తేడా 15 ఓట్లు. జేడీయూ, అన్నాడీఎంకే వాకౌట్ చేశాయి. టీఆర్‌ఎస్, తెలుగుదేశం, బీఎస్పీ ఓటింగులో పాల్గొనలేదు. బిల్లు మంచిచెడ్డలు పక్కన పెడదాం, గైర్హాజరు ఎట్ల పని చేస్తుందో చూడండి. ఒకరి దగ్గరికి పోయి మేం సమర్థించలేదు అనొచ్చు, ఇంకొకరి దగ్గరికి పోయి మేం అడ్డుకోలేదు అనొచ్చు. పెండ్లికి పోయి భోజనం చెయ్యకుండా వచ్చి రెండు వర్గాలకూ మంచివాడైన చుట్టం లాంటి పని. అభ్యర్థి రికార్డు చూసేటప్పుడు ఔను, కాదు ఒక్కటే చూస్తే సరిపోదు, ముఖ్యమైన రోజు ఎక్కడున్నాడో కూడా చూడాలి.

అదే ఏడాది డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ బిల్లు లోక్‌సభలో 311-80. టీఆర్‌ఎస్ వ్యతిరేకించింది, వైఎస్సార్ కాంగ్రెస్ అనుకూలంగా ఓటేసింది. ఓటేసిన రెండు వారాలకు, డిసెంబర్ 23న, కడపలో జగన్మోహన్ రెడ్డి ఎన్‌ఆర్‌సీకి మద్దతివ్వబోమని ప్రకటించారు. రెండూ వేరు వేరు సంగతులే, నిజమే. కానీ ఢిల్లీలో మీట నొక్కిన వేలు ఒకటి చెబితే కడపలో మైకు ముందు నోరు ఇంకోటి చెప్పిందని అక్కడి జనం గమనించకపోలేదు. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభలో 454-2. కాదన్న ఇద్దరూ మజ్లిస్ సభ్యులు, అందులో ఒకరు మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. ఓబీసీ, ముస్లిం మహిళలకు కోటా లేదన్నది ఆయన కారణం. ఆయన వాదన మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. అంతమంది ఎదురుగా ఉంటే కాదని మీట నొక్కడం మాత్రం దాగుడుమూతలు కాదు. ఓటరు దాన్ని మెచ్చుకోవచ్చు, శిక్షించొచ్చు, తెలిసి చేస్తాడు.

ఇంతసేపు పార్టీల పేర్లే చెబుతున్నారు, మనుషుల పేర్లు చెప్పరేం అని మీలో ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల చట్టం వచ్చింది. పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటు మానుకున్నా, ముందు అనుమతి లేకుంటే సభ్యత్వం పోతుంది, పార్టీ పదిహేను రోజుల్లో మన్నిస్తే తప్ప. అప్పటి నుంచి ఎంపీ మీట మీద వేలు ఎంపీదే, వేలి మీద చెయ్యి మాత్రం పార్టీది. కనుక ఆయన రికార్డు చాలాసార్లు పార్టీ రికార్డే. మనిషి బయటపడేది అరుదైన రోజుల్లో. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు బిజూ జనతాదళ్ విప్ ఇవ్వలేదు, ఎవరి అంతరాత్మ ప్రకారం వాళ్లు ఓటెయ్యండంది. అట్లాంటి నాడు పడ్డ ఓటు పూర్తిగా ఆ మనిషిదే. 2014 ఫిబ్రవరిలో సీమాంధ్ర కాంగ్రెస్ ఎంపీలు ఆరుగురు సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాసానికి దిగి పార్టీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. వాళ్లు మన తొవ్వకు అడ్డం పడ్డవాళ్లే, వాళ్ల వాదన ఒక్కటీ మేం ఒప్పుకోం. కానీ తమ జనం కోసం దస్తఖత్తు పెట్టి మూల్యం చెల్లించారు. మన వైపు అదే పార్టీలో ఉండి, అటు ఢిల్లీకీ ఇటు జేఏసీకీ నవ్వు మొఖం చూపించిన వాళ్లతో పోల్చుకుంటే ఎవరి రికార్డు చదవడం సులువో మీరే ఆలోచించండి.

మన దగ్గర ఓటు పట్టీ లేని చోట రాజీనామా కాగితం ఆ పని చేసింది. 2010లో రాజీనామాలు ఇచ్చి ఉప ఎన్నికలకు పోతే 12 సీట్లలో టీఆర్‌ఎస్‌కు 11, బీజేపీకి 1 వచ్చాయి. జనం ఆ కాగితాన్ని ఓటుగానే చదివారు. 2011 జూలైలో పార్టీలకతీతంగా మళ్లీ రాజీనామాలు కుప్పపోశారు, స్పీకర్ తిరస్కరించారు, చాలామంది ఇంటికి పోయి నిమ్మళంగా నిద్రపోయారు. ఒప్పుకోరని తెలిసి ఇచ్చిన రాజీనామా కూడా ఒక రకం మూజువాణే.

పాత ముచ్చట ఒకటి. 1955లో హైదరాబాద్ అసెంబ్లీలో విశాలాంధ్ర మీద చర్చ జరిగినప్పుడు 147 మంది అభిప్రాయం చెప్పారని, అందులో 103 మంది కలుద్దామన్నారని, 29 మంది వద్దన్నారని, 15 మంది తటస్థమని ఒక లెక్క ఉంది. అరవై ఏండ్లు ఈ మూడు అంకెలతో మన నెత్తి మీద మొట్టారు. మీ వాళ్లే ఒప్పుకున్నారు కదా అని. అంకె రాసి ఉన్నందుకే దాంతో వాదించారు, మనమూ ఎదురు వాదించాం, అందులో తెలంగాణ సభ్యులు ఎందరు, మరాఠ్వాడా, కన్నడ సభ్యులు ఎందరని విడదీసి చూపించాం. రేపు 2014 గురించి మన మనుమలు వాదించుకోవాలంటే విడదీయడానికి అంకె కూడా లేదు.

ఇగ పార్టీ మారినవాళ్ల సంగతి. 2019 జూన్‌లో కాంగ్రెస్ టికెట్టు మీద గెలిచిన 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమన్నారు. 2023 ఎన్నికల తర్వాత బీఆర్‌ఎస్ టికెట్టు మీద గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు పోయారని కేసు నడిచి, 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఇట్లాంటి వాళ్లు కండువా మార్చగానే వెనకటి ఓట్లు కడిగేసుకుంటారు. అది అప్పటి పార్టీ విప్ అంటారు. అయితే ఇప్పుడు వేస్తున్నది ఇప్పటి పార్టీ విప్ కదా అయ్యా, మరి మీ ఓటు ఏది అని అడగండి. అక్కడికక్కడే నవ్వి కారెక్కుతారు, కానీ అడగండి.

విద్యార్థి మిత్రులు ఒక పని చెయ్యగలరు. లోక్‌సభ, రాజ్యసభ కార్యకలాపాల ప్రతులు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. డివిజన్ జరిగిన రోజయితే చివర్లో ఔనన్నవాళ్లు, కాదన్నవాళ్లు వరుసగా ఉంటారు. మీ ఎంపీ పేరు రెండు వైపులా లేకపోతే ఆ రోజు ఎక్కడికి పోయాడో కనుక్కోండి. అసెంబ్లీ సంగతి ఇంకా అన్యాయం, అక్కడ బడ్జెట్లు, బిల్లులు దాదాపు అన్నీ నోటితోనే పోతున్నాయి. కనుక ఓటడగడానికి వచ్చినాయన దగ్గర ఒక్క హామీ రాయించుకోండి. వివాదం ఉన్న ప్రతి బిల్లు మీదా డివిజన్ అడుగుతానని, స్పీకర్ ఇవ్వకపోతే తన ఓటు ఎటో అదే రోజు రాసి నియోజకవర్గంలో అంటిస్తానని. దానికి విప్ అడ్డం రాదు, డబ్బులు ఖర్చు కావు. ఒక కాగితం, ఒక దస్తఖత్తు.

మేం ఇక్కడికి వచ్చేముందు నాలుగు డివిజన్ల పట్టీలు ప్రింటు తీసుకుని వచ్చాం. మహిళా బిల్లు, పౌరసత్వ బిల్లు, కశ్మీర్ బిల్లు, తలాక్ బిల్లు. అవి తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. పక్కన ఐదో కాగితం ఒకటి పెట్టాం, 2014 ఫిబ్రవరి 18 అని తేదీ మాత్రమే రాసి ఉంది, కింద ఖాళీ. పోయేటప్పుడు అన్నీ తీసుకుని పొండి. సెలవు.